మోనే గీసిన సూర్యుడు

ఫ్రాన్సు దేశంలో లె హావ్ర్ అనే ఓడరేవు ఉంది. 1872లో క్లాడ్ మోనే అనే చిత్రకారుడు అక్కడి సూర్యోదయాన్ని గీసి, దానికి ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ అని పేరు పెట్టాడు. ఇంప్రెషన్ అంటే చూడగానే మనసుపై పడిన ముద్ర. ఈ బొమ్మ అచ్చు ఏ పుస్తకంలోనైనా, సెల్‌ఫోన్‌లోనైనా దొరుకుతుంది. ముందు దాన్ని కాసేపు ఊరికే చూడండి.

అంతా పొగమంచు. ఓడల కొయ్యలు, పొగగొట్టాలు నీలి బూడిదరంగులో కరిగిపోయాయి. పడవల్లోని మనుషులు కుంచెతో లాగిన నల్లని గీతలే. తెడ్డు సరిగా గీయలేదేమని అడగకండి. అంత మంచులో మీకు మాత్రం కనిపిస్తుందా? 1874లో పారిస్‌లో ఈ బొమ్మను చూసిన లూయీ లెరోయ్ అనే విమర్శకుడు మాత్రం ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళిలోని మాటే ‘ఇంప్రెషనిస్టులు’ అనే పేరుగా స్థిరపడింది.

ఇప్పుడు సూర్యుణ్ణి చూడండి. చిన్న నారింజరంగు బిళ్ళ. కాని వణుకుతున్నట్టు, మెల్లగా కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. ఎందుకు?

ఒక చిన్న ప్రయోగం చేయండి. బొమ్మను ఫోన్‌లో నలుపు తెలుపుల్లోకి మార్చండి. సూర్యుడు దాదాపు మాయమవుతాడు! అంటే అతని రంగు వేరే గాని, వెలుగు మాత్రం చుట్టూ ఉన్న ఆకాశంతో సమానమే. నిజమైన సూర్యుడు ఎప్పుడూ ఆకాశం కన్నా ప్రకాశవంతుడే కదా!

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞురాలు మార్గరెట్ లివింగ్‌స్టన్ దీనికి కారణం చెప్పారు. మన మెదడులో చూపు పని రెండు దారుల్లో సాగుతుంది. ఒక దారికి రంగులు తెలియవు. వెలుగు చీకట్ల తేడాను బట్టి వస్తువు ఎక్కడుంది, కదులుతోందా, ఎంత దూరం అన్నది తేలుస్తుంది. రెండోది రంగును, రూపాన్ని గుర్తిస్తుంది. మోనే సూర్యుడు రెండో దారికి స్పష్టంగా కనిపిస్తాడు, మొదటి దారికి చిక్కడు. ఉన్నాడని తెలుస్తుంది, ఎక్కడున్నాడో నిలకడగా తేలదు. అందుకే ఆ వణుకు.

ఎంత తెల్లరంగు పూసినా బట్ట సూర్యుడిలా వెలగదు. మోనే ఆ పోటీకే పోలేదు. మెదడు సంగతులు 1872లో ఎవరికీ తెలియవు; అతను నమ్ముకున్నది తన కంటినే.

మీ రంగుల పెట్టెతో మీరూ ప్రయత్నించండి. బూడిదరంగు నేపథ్యం మీద నారింజరంగు చుక్క పెట్టి, ఫోటో తీసి నలుపు తెలుపుల్లో చూడండి. చుక్క నల్లగా కనిపిస్తే కాస్త తెలుపు కలపండి. తెల్లగా కనిపిస్తే నేపథ్యాన్ని లేతగా చేయండి. చుక్క కనిపించకుండా పోయేదాకా సరిచేస్తూ ఉండండి. రెండు మూడు కాగితాలు పాడవక తప్పదు.