మంచుకొండకి వెళ్ళే తమ్ముడికి

జ్యూరిక్

చిరంజీవి తమ్ముడికి,



సంక్రాంతి సెలవులకి నువ్వు వేసిన ప్లాన్ నిదానంగా చదివాను. ఏడు రోజుల్లో జ్యూరిక్, లూసెర్న్, టిట్లిస్, యుంగ్‌ఫ్రౌ, చివర్న జెర్మాట్‌లో రెండు రాత్రులు. పిల్లలకి స్కీయింగ్ నేర్పించాలన్నదే నీ కోరికైతే ముందువన్నీ కొట్టెయ్యి. వచ్చిన రాత్రి మా ఇంట్లో పడుకోండి, మిగతా ఆరు రాత్రులూ జెర్మాట్‌లోనే ఉండండి. స్కీ మీద మొదటి రోజంతా పడటం, లేవడంతోనే సరిపోతుంది. రెండో రోజు తొడలు పట్టేసి మెట్లు దిగడమే కష్టమవుతుంది. మూడో రోజు మధ్యాహ్నానికి ఎక్కడో కాలికి పట్టు చిక్కుతుంది. నీ ప్లాన్ ప్రకారమైతే అప్పటికి మీరు పెట్టెలు సర్దుకుని రైలెక్కేస్తారు. అంత ఖర్చు పెట్టి, ఆ సుఖం తెలియబోయే ముందు తిరిగి వెళ్ళిపోవడం నాకు బాధగా ఉంటుంది.

సంక్రాంతికి రావాలనుకోవడం మాత్రం చాలా మంచి ఆలోచన. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా ఇక్కడి పెద్ద హోటళ్ళలో గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి. ఫిబ్రవరిలో యూరప్ బడులకి చలికాలపు సెలవులు మొదలై మళ్ళీ పెరుగుతాయి. ఈ రెంటికీ మధ్య, మన భోగి, కనుమల రోజుల్లో, రద్దీ తగ్గి లిఫ్టుల దగ్గర వరసలు చిన్నగా ఉంటాయి. చలి మాత్రం ఏడాదిలోకెల్లా ఎక్కువ. రాత్రిపూట ఊళ్ళోనే మైనస్ పది దాకా పడిపోవచ్చు.

జెర్మాట్ ఊరే 1,600 మీటర్ల ఎత్తున ఉంది. పెట్రోలు కార్లని రానివ్వరు. కారులో వచ్చేవాళ్ళు కింద టేష్‌లో బండి ఆపి, పన్నెండు నిమిషాలు రైల్లో రావాలి. మీకు ఆ గొడవ లేదు. జ్యూరిక్ నుంచి విస్ప్ దాకా ఒక రైలు, అక్కడ మారితే కొండమీదికి ఇంకో రైలు, మొత్తం మూడున్నర గంటల ప్రయాణం. ఊళ్ళో తిరిగేవి చిన్న చిన్న ఎలక్ట్రిక్ బండ్లు. నువ్వడిగిన గుర్రపు బగ్గీ నిజమే. మాంట్ సెర్విన్ ప్యాలెస్, జెర్మాటర్‌హోఫ్ లాంటి పాత హోటళ్ళు అతిథుల్ని స్టేషన్ నుంచి బగ్గీలో తీసుకెళ్తాయి. జెర్మాటర్‌హోఫ్ కథ నాకు ఇష్టం. 1879లో తెరిచిన ఆ హోటల్ ఈనాటికీ ఊరివాళ్ళ ఉమ్మడి ఆస్తే.

హోటల్ ఎంచుకునేటప్పుడు నక్షత్రాలకంటే ముందు మ్యాప్ చూడు. స్కీ బూట్లతో నడవడం పెద్దవాళ్ళకే కష్టం, ఇక పాపకి చెప్పక్కర్లేదు. మీరు మొదట నేర్చుకోవలసిన చోటు సునెగ్గా, 2,288 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడికి సొరంగంలోంచి వెళ్ళే ఫ్యునిక్యులర్ రైలు నాలుగైదు నిమిషాల్లో చేరుస్తుంది. దాని స్టేషన్ రైల్వేస్టేషన్‌కి దగ్గర. గోర్నర్‌గ్రాట్ రైలు కూడా రైల్వేస్టేషన్ ఎదురుగానే మొదలవుతుంది. కాబట్టి ఆ చుట్టుపక్కల గది తీసుకో. మ్యాటర్‌హార్న్ శిఖరం కనిపించే గదికి అదనంగా చాలా అడుగుతారు. నన్నడిగితే వద్దంటాను. పొద్దున సునెగ్గాలో రైలు దిగి బయటికి రాగానే ఆ 4,478 మీటర్ల కొండ ఎదురుగా నిలబడి ఉంటుంది, దానికి ఎవరూ అద్దె అడగరు. పెద్ద హోటల్లో అసలు సుఖం స్కీలు పెట్టుకునే గది. రాత్రి తడిసిన బూట్లు అక్కడ పెడితే పొద్దునకి వెచ్చగా, పొడిగా ఉంటాయి. బుక్ చేసేముందు ఆ ఏర్పాటు ఉందో లేదో అడుగు.

అలా మిగిలిన డబ్బు నేర్పేవాళ్ళకి పెట్టమని నా మనవి. ఈ ఉత్తరంలో ఇదొక్కటి విన్నా చాలు. నువ్వు వీడియోలు చూసి నేర్చుకుంటానని రాశావు, వద్దురా. స్కీయింగ్‌లో మొదట నేర్పేది ఆగడం. స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి, వెనక కొసలు దూరంగా తోసి, లోపలి అంచులు మంచులో దిగేలా నొక్కితే వేగం తగ్గుతుంది. వినడానికి ఇంతే. కానీ వాలు మీద భయం వేయగానే ఒళ్ళు వెనక్కి వాలుతుంది. ఒళ్ళు వెనక్కి వాలితే స్కీలు నీ మాట వినవు. ఆ తప్పు నీకు తెలియదు, పక్కన నిలబడి చూసేవాళ్ళకే తెలుస్తుంది. నీకూ మరదలికీ కలిపి మూడు రోజులు ప్రైవేటు టీచర్‌ని పెట్టుకో. పిల్లల్ని మాత్రం వాళ్ళ ఈడు పిల్లలతో గుంపు క్లాసులో వెయ్యి, అక్కడైతే ఆటలో పడి ఏడుపు మర్చిపోతారు. సునెగ్గాలో కొత్తవాళ్ళ కోసమే వోల్లి పార్క్ అని ఉంది. ఇంగ్లీషులో చెప్పే క్లాసు కావాలని బుక్ చేసేటప్పుడే అడుగు. స్కీ పాస్ కూడా స్కీ స్కూలు వాళ్ళని అడిగాకే కొను. జెర్మాట్, ఇటలీ వైపు చెర్వీనియా కలిపి 360 కిలోమీటర్ల స్కీ దారులున్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఆ మొత్తానికీ పాస్ ఎందుకు?

దారులకి రంగులుంటాయి. నీలం సులువు, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. పసుపు గుర్తులున్న వాటిని చదును చెయ్యరు, వాటి జోలికి పోవద్దు. ముందు వెళ్ళేవాళ్ళదే దారి, వెనకనుంచి వచ్చేవాళ్ళే తప్పుకోవాలి. ఆగాలనిపిస్తే దారి అంచుకి వెళ్ళి ఆగాలి. పిల్లలకి ఈ రెండూ బాగా నూరిపొయ్యి.

స్కీలు, బూట్లు, హెల్మెట్లు అన్నీ అద్దెకి దొరుకుతాయి. షాపులో మీ ఎత్తు, బరువు, వయసు, ఎంత వచ్చో అడుగుతారు. మరదలు బరువు చెప్పడానికి మొహమాటపడుతుందేమో, ముందే నచ్చజెప్పు. నువ్వు కూడా కాస్త వచ్చని గొప్పకి చెప్పకు. ఆ వివరాలను బట్టే స్కీకి బూటుని పట్టి ఉంచే బైండింగ్‌ని బిగిస్తారు. పడ్డప్పుడు అది సమయానికి ఊడిపోవాలి. మరీ గట్టిగా బిగిస్తే బైండింగ్ ఊడదు, మోకాలు మెలిపడుతుంది. బూటు బిగువుగానే ఉండాలి. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు తగలాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరగాలి. లోపల ఒక్క జత పొడుగు ఉన్ని సాక్స్ చాలు, రెండు జతలు వేస్తే ముడతలు పడి పుండ్లవుతాయి. జీన్స్, కాటన్ బనియన్లు అసలు తేవద్దు, చెమట పీల్చుకుని ఒంటికి చల్లగా అంటుకుంటాయి. మీ బావవీ నావీ కోట్లున్నాయి. విజయవాడలో మళ్ళీ కొనకండి.

ఇంకా ఆరు నెలలుంది కదా, ఇవాళ్టినుంచే రోజూ గుంజీళ్ళు తియ్యి. తర్వాత నిమిషం పాటు గోడకుర్చీ వెయ్యి. బళ్ళో మాస్టారు శిక్షగా వేయించిన ఆ గోడకుర్చీయే స్కీయింగ్‌కి కావలసిన అసలు కసరత్తు.

వీసాకి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. పదిహేను రోజుల ముందు దాకా గడువున్నా అంతవరకూ ఆగకు. దానికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. వీసా కోసం తీసుకునే మామూలు పాలసీల్లో చాలావాటికి స్కీయింగ్ వర్తించదు. శీతాకాలపు క్రీడలకీ, కొండమీదినుంచి హెలికాప్టర్‌లో దించడానికీ వర్తిస్తుందని పాలసీలో రాసి ఉందో లేదో నువ్వే కళ్ళతో చూడు, ఏజెంటు నోటిమాట నమ్మకు. జెర్మాట్‌లో ఎయిర్ జెర్మాట్ వాళ్ళు 1968 నుంచీ హెలికాప్టర్లతో ప్రాణాలు కాపాడుతున్నారు, చాలా గొప్ప పనివాళ్ళు. కానీ ఆ ఖర్చు గాయపడ్డవాళ్ళ మీదో, వాళ్ళ బీమా మీదో పడుతుంది. అంబులెన్స్ నంబరు 144. అందరి ఫోన్లలోనూ పెట్టు.

మొదటి రెండు రోజులూ సునెగ్గా దాటి పైకి వెళ్ళొద్దు. మీరు కృష్ణ ఒడ్డునుంచి వస్తున్నారు, ఊపిరికి అలవాటు పడే వ్యవధి ఇవ్వండి. నాలుగో రోజు స్కీలు పక్కన పెట్టి గోర్నర్‌గ్రాట్ రైలెక్కండి. 1898 నుంచీ నడుస్తున్న పళ్ళచక్రాల రైలది, 3,089 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది, చుట్టూ హిమానీనదాలు. దిగేటప్పుడు రోటెన్‌బోడెన్ దగ్గర పిల్లల్ని స్లెడ్జ్ మీద జారనివ్వండి. ఆ సాయంత్రం మ్యాటర్‌హార్న్ మ్యూజియంలో తెగిన తాడు చూపించు. 1865 జులై 14న ఎడ్వర్డ్ వింపర్ బృందం ఏడుగురూ మొదటిసారి ఆ శిఖరం ఎక్కారు. దిగుతుంటే తాడు తెగి నలుగురు పోయారు. మన బాబుకి ఆ కథ తెలిస్తే కొండని చూసే చూపే మారుతుంది. ఇంకా పైన 3,883 మీటర్ల దాకా కేబుల్ కార్ ఉంది. అక్కడినుంచి 2023లో తెరిచిన కొత్త లైన్లో స్కీలు లేకుండానే ఇటలీ వైపు దాటొచ్చు. తలనొప్పి లేకపోతేనే, గాలి లేని రోజునే వెళ్ళండి. గాలి లేస్తే లిఫ్టులు ఆపేస్తారు, అప్పుడు ఇటలీలో చిక్కుకుపోతే రోడ్డుమీద చుట్టు తిరిగి రావాలంటే గంటలకొద్దీ పడుతుంది. మంచు మీద ఎండ రెట్టింపుగా కొడుతుంది, పిల్లల మొహాలకి గంటగంటకీ సన్‌స్క్రీన్ రాయండి.

తిండి సంగతి. పొద్దున, రాత్రి భోజనాలు కలిపి ఇచ్చే గది తీసుకో, కొండమీద కొనుక్కుని తినడం చాలా ఖరీదు. మరదలు శాకాహారి అని ముందే రాయి. ఫాండ్యూలో వైట్ వైన్ పోస్తారు. ఇక్కడి సంప్రదాయపు చీజుల కోసం పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. ఈ సంగతి తనకి ముందే చెప్పడం మన ధర్మం. బంగాళాదుంప తురుముతో చేసే రోష్టి ఉంది, అది పిల్లలకి నచ్చుతుంది. కారప్పొడి, గోంగూర పచ్చడి తెచ్చుకోండి. అమ్మ ఎంత బలవంతం చేసినా నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టెలో పెట్టొద్దు. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం ఇక్కడికి తీసుకురావడం నిషేధం.

నలుగురి పాదాల పొడవు సెంటీమీటర్లలో, ఎత్తు, బరువు రాసి పంపు. తేదీలు ఖాయం కాగానే ముందు స్కీ స్కూలు, తర్వాత గది, ఆ తర్వాతే విమానం టికెట్లు. పిల్లల క్లాసులు త్వరగా నిండిపోతాయి, అవి నేను ఇక్కడినుంచి మాట్లాడి పెడతాను.

మరదలికి, పిల్లలకి నా ఆశీస్సులు. అమ్మకి నమస్కారాలు.

నీ అక్క