హెబ్రీ గ్రంథమున త్రిత్వము గలదా?

బందరున 1843లో పాదరి రాబర్టు నోబిల్ దొర పాఠశాల స్థాపించినది మొదలు మన తీరపు విద్యావంతులలో క్రైస్తవమత విచారము ఎడతెగక సాగినది. 1852లో ఆ పాఠశాల విద్యార్థు లిద్దఱు బాప్తిస్మము పొందగా పట్టణము కల్లోలపడినది. బ్రహ్మమతావలంబులగు రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు 1862లో ఈ యూరనే జన్మించి, పిమ్మట కళాశాలగా పెరిగిన ఆ సంస్థయందే బోధించిరి. కావున ఈ ప్రశ్న మనకు పరాయిది గాదు: ఏకేశ్వరుని ఘోషించు యూదుల గ్రంథమే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ యను త్రిత్వమునకు సాక్ష్యమిచ్చుచున్నదా?

ఇచ్చుచున్నదనువారి ప్రథమ ప్రమాణము 'ఎలోహీం' అను పదము. ఆదికాండ ప్రథమ వాక్యమున దేవునికి వాడిన ఈ శబ్దము రూపముచే బహువచనము. తెలుగు బైబిలున 'దేవుడు' అని యుండుటచే ఈ విశేషము మన పాఠకులకు గానరాదు. అయితే అందలి క్రియ 'బారా' ఏకవచనము. మనవారు తండ్రిగారిని గూర్చి 'వారు వచ్చిరి' అందురు. అచట సర్వనామమును క్రియయు రెండును బహువచనములైనను తండ్రి యొక్కడేయని పసిబిడ్డయు నెఱుగును. హెబ్రీలోనో, క్రియయే ఏకత్వమును బాహాటముగా చాటుచున్నది. నిర్గమకాండము 7వ అధ్యాయమున మోషేయే ఫరోకు 'ఎలోహీం'గా నియమింపబడెను. మోషేయందు ముగ్గురు గలరని యెవరనిరి? త్రిత్వమును దృఢముగా నమ్మిన కాల్విన్ సయితము ఈ పదముపై ఆ సిద్ధాంతమును నిలుపుట దుర్బలమని తన ఆదికాండ వ్యాఖ్యలో వ్రాసెను. వాదమునకు దిగువా రిరుపక్షములవారును దీనిని జ్ఞాపకముంచుకొనదగును.

రెండవది, నరసృష్టికి ముందు దేవుడు పలికిన 'చేయుదము' అను మాట. తెలుగున 'మా', 'మన' యని రెండున్నవి; హెబ్రీలో నా భేదము లేదు. అనువాదకులు 'మన' నెన్నుకొనిరి. 'మన' యన్నప్పుడు వినువాడును అందు చేరును. ఆ వినువారెవరు? దేవదూతలని మధ్యయుగపు యూద వ్యాఖ్యాత రాషీ, కుమారుడని క్రైస్తవులు. క్రైస్తవుల యర్థము అసాధ్యమని మేమనము. కాని మూడను సంఖ్య అందు లేదు. మఱుసటి వచనమున క్రియ మరల నేకవచనమగుచున్నది.

యెషయా గ్రంథమున 'పరిశుద్ధుడు' అని ముమ్మారు వచ్చుటను గూర్చి హెచ్చు చెప్పనక్కఱలేదు. యిర్మీయా 22వ అధ్యాయమున దేశమును ముమ్మారు పిలిచిరి. దేశములు మూడు గావు.

ఇక యూదులు నిత్యము పఠించు ద్వితీయోపదేశకాండ వాక్యము. అందలి 'ఎహాద్', అనగా 'ఒకటి', పెక్కింటి కలయికయట. దంపతులు 'ఏకశరీర'మనుచోటను అదే పదమున్నదట. ఉన్నమాట నిజమే. కాని ప్రసంగి 4వ అధ్యాయమున తోడులేని ఒంటరివానికిని అదే పదము. 'ఒక అరటిగెల' యన్నప్పుడు కాయలు పెక్కని తెలుపునది 'గెల' గాని 'ఒక' కాదు గదా!

రామమోహనరాయలవారు 1820లో యేసు బోధలను సంకలించి ప్రకటింపగా, శ్రీరామపురపు పాదరి మార్ష్‌మన్ దొర ఆక్షేపించిరి. రాయలవారు హెబ్రీ మూలమును పరిశీలించియే ప్రత్యుత్తరము లిచ్చిరి. బాప్టిస్టు ముద్రాలయము మూడవదానిని అచ్చువేయ నిరాకరింపగా, 1823లో తామే అచ్చువేయించిరి.

ఇంతమాత్రమున త్రిత్వము ఖండితమైనదని మేమనము. దానిని నమ్మువారు గ్రీకు నిబంధనను, 325 నాటి నికేయ సభను, 381 నాటి కాన్‌స్టాంటినోపిలు సభను ఆధారముగా జూపవచ్చును. అచటి వాదము వేఱు.