యంత్రానికి చెప్పే మాట: తెర రూపకల్పనలో ప్రాంప్ట్ రచన

గోదావరి తీరాన వెలసిన బాసర క్షేత్రంలో అక్షరాభ్యాసం జరిగే తీరును చూడనివారు మన ప్రాంతంలో అరుదు. పళ్ళెంలో బియ్యం పరుస్తారు. శిశువును ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఆ చిన్న వ్రేలిని పట్టి మొదటి అక్షరం దిద్దిస్తారు. ముస్లిం కుటుంబాలలో నాలుగు సంవత్సరాల నాలుగు నెలల నాలుగు దినాలు నిండిన బిడ్డకు బిస్మిల్లా ఖ్వానీ జరిపే ఆచారం ఉన్నది. అక్కడ ఉస్తాద్ పలికిన మాటను బిడ్డ తిరిగి పలుకుతుంది. ఈ రెండు వేడుకలలోనూ పెద్దలు బిడ్డను ఊహకు వదలివేయరు. ఏ అక్షరమో, ఎటునుండి మొదలుపెట్టాలో చెబుతారు, చేయిపట్టి చూపుతారు.

ఈ ప్రస్తావన ఎందుకనగా, నేడు మన విద్యార్థులు ఒక విచిత్రమైన శిష్యునితో పని చేయిస్తున్నారు. అతనికి లోకంలోని భాషలెన్నో వచ్చు, మన ఊరు మాత్రం తెలియదు. అతడే కృత్రిమ మేధ. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత, మాటలతో వర్ణిస్తే యాప్ తెరలను గీసి ఇచ్చే పనిముట్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వర్సెల్ సంస్థ 2023లో ‘వీజీరో’ను, 2025 మే నెలలో గూగుల్ సంస్థ ‘స్టిచ్’ను, ఫిగ్మా సంస్థ ‘మేక్’ను ప్రకటించాయి. మనం రాసి ఇచ్చే వర్ణనను ప్రాంప్ట్ అంటున్నారు. బాసర ట్రిపుల్ ఐటీ వంటి విద్యాలయాలు మన జిల్లాలోనే ఉండగా, ఈ విద్య ఎక్కడో మహానగరాలవారిదని అనుకోవలసిన పని లేదు. అయితే ప్రాంప్ట్ రాయడం ఎంత సులభంగా కనిపిస్తుందో అంత సులభం కాదు. నా పొరపాటుతోనే ఈ పాఠాన్ని ప్రారంభిస్తాను.

ఒక సంవత్సరం మా తరగతి విద్యార్థుల ఉపకార వేతన వివరాలను సేకరించడానికి ఒక ఫారం కావలసి వచ్చింది. “విద్యార్థుల ఉపకార వేతన నమోదుకు అందమైన, ఆధునికమైన, సులభమైన తెరను తయారుచేయుము” అని ఆంగ్లంలో రాసి యంత్రానికి ఇచ్చాను. నిమిషం గడవకముందే తెర సిద్ధమయినది. ఊదారంగు నేపథ్యం, గుండ్రని మూలల పెట్టెలు, పైన టోపీ ధరించిన పట్టభద్రుని బొమ్మ. చూడముచ్చటగా ఉన్నది. తెరపై మాటలను తెలుగులోకి మార్చి, విద్యార్థులకు పంపాను. దానిలో పేరుకు రెండు గడులు ఉన్నాయి: మొదటిది పేరు, రెండవది ఇంటిపేరు. రెండవ గడి నింపనిదే ఫారం ముందుకు పోదు.

మన తెలుగు ఇండ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, వ్యక్తి పేరు తరువాత వస్తుంది. ముస్లిం కుటుంబాలలో పెక్కింటికి ఇంటిపేరు అనే విభాగమే లేదు. ఒకే ఇంటిలో అక్క పేరు చివర బేగం ఉంటుంది, చెల్లెలి పేరు చివర సుల్తానా ఉంటుంది, తండ్రి పేరుకు ముందు మొహమ్మద్ ఉంటుంది. వీటిలో ఏదీ పాశ్చాత్యుల అర్థంలో ఇంటిపేరు కాదు. మా విద్యార్థిని ఒకతె ఆ గడిలో ఏమి రాయాలో తెలియక, చివరకు తండ్రి పేరు రాసి పంపింది. జాబితాలో ఆమె పేరు తండ్రి పేరుతో కలిసి పడినది. పదవ తరగతి మెమోలో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో అదే పేరు, మా జాబితాలో మరొక పేరు. దానిని సరిదిద్దడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆ బాలిక ప్రతి ఉదయం నా బల్ల దగ్గరకు వచ్చి, “సార్, నా పేరు సరి అయిందా?” అని అడిగేది. తప్పు ఆమెది కాదు. యంత్రానిది అని కూడా అనలేను. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. యంత్రం అడగకున్నా పెడుతుంది, కాని తన ఇంటి వంట పెడుతుంది.

కారణం గ్రహించడం కష్టం కాదు. ఈ యంత్రం పూర్వం చూసిన అసంఖ్యాకమైన తెరల నుండి, వాక్యాల నుండి, ఏ సందర్భంలో ఏది తరచుగా వస్తుందో నేర్చుకొన్నది. మనం చెప్పిన దానిని ఆ నేర్పుతో పూర్తిచేస్తుంది. చెప్పని చోట ఎక్కువగా కనిపించే దానిని ఉంచుతుంది. ఆ తెరలలో అధికభాగం ఆంగ్లంలో ఉన్నవి, పరదేశపు అలవాట్లతో ఉన్నవి. ‘అందమైన’ అన్న మాట దానికి ఏ సమాచారాన్నీ ఇవ్వదు. ‘ఆధునికమైన’ అంటే ఆ యేటి వాడుక రంగులు వస్తాయి.

పెద్ద సంస్థలకు కూడా ఈ చిక్కు తప్పలేదు. 2024లో ఫిగ్మా సంస్థ విడుదల చేసిన రూపకల్పన సౌకర్యాన్ని వాతావరణ యాప్ గీయమని అడిగితే, ఆపిల్ సంస్థ వాతావరణ యాప్‌ను పోలిన తెర వస్తున్నదని విమర్శ వచ్చింది. ఆ సంస్థ జూలై నెలలో ఆ సౌకర్యాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. తాము సమకూర్చిన నమూనా భాగాలను తగినంతగా పరిశీలించలేదని వివరణ ఇచ్చింది. యంత్రం చేతికి ఏ అచ్చులు అందితే తెర ఆ అచ్చులలోనే పడుతుందన్న సంగతి ఆ ఉదంతం వలన తెలుస్తున్నది.

ఇక నా రెండవ ప్రాంప్ట్‌ను ఇక్కడ ఇస్తున్నాను. విద్యార్థులు దీనిని వల్లె వేయవలసిన పని లేదు. ఏ వాక్యం ఏ పని చేస్తున్నదో గమనిస్తే చాలు.

“ఇది జూనియర్ కళాశాలలో చేరిన విద్యార్థిని తన తల్లి ప్రక్కన కూర్చుండి, పాత ఆండ్రాయిడ్ ఫోనులో నింపే ఫారం. తెర వెడల్పు 360 పిక్సెళ్ళు. నెట్‌వర్క్ మధ్యమధ్య తెగిపోతుంది. విద్యార్థిని తెలుగు చదువుతుంది, తల్లి ఉర్దూ చదువుతుంది. ఫారం పని ఒక్కటే: ఉపకార వేతనానికి కావలసిన ఐదు వివరాలు సేకరించడం. పేరుకు ఒకే గడి ఉండాలి. దానిపై ‘పదవ తరగతి మెమోలో ఉన్నట్లు పూర్తి పేరు’ అని ఉండాలి. ఇంటిపేరు వేరుగా అడగరాదు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా సంఖ్య మిగిలిన గడులు. తేదీలో రోజు, నెల, సంవత్సరం ఈ వరుసలో రావాలి. ఒక తెరపై ఒక ప్రశ్న మాత్రమే. నింపిన వివరాలు నెట్‌వర్క్ తెగినా పోరాదు. బొమ్మలు వద్దు. తెల్లని నేపథ్యంపై నల్లని అక్షరాలు.”

దీనిలో ప్రశంసావాచకమైన విశేషణం ఒక్కటి కూడా లేదు. మొదటి వాక్యంలో మనిషి ఉన్నది, ఆమె చేతిలోని వస్తువు ఉన్నది, ప్రక్కన కూర్చున్న తల్లి ఉన్నది. ‘వాడుకరులు’ అని వ్రాస్తే యంత్రానికి ఎవరూ కనిపించరు. పాత ఫోను అని చెప్పినందువలన బరువైన చిత్రాలు తగ్గినవి. గడుల పేర్లను మనమే నిర్ణయించినందువలన యంత్రం సొంతంగా కల్పించే అవకాశం తగ్గినది. ‘వద్దు’, ‘అడగరాదు’ అన్న నిషేధాలు కూడా నిర్మాణంలో భాగమే. కాని నిషేధాలతో ప్రాంప్ట్ అంతా నింపితే యంత్రం తికమక పడుతుంది. అనుభవంలో తప్పు జరిగిన చోటనే నిషేధం పెట్టడం మంచిది. కొలతలు తెలిసినప్పుడు కొలతలే చెప్పాలి. ‘పెద్ద మీట’ అనడం కంటే, వ్రేలితో తాకవలసిన మీట ఆండ్రాయిడ్ పద్ధతిలో కనీసం 48 ప్రమాణాలు ఉండాలని చెప్పవచ్చు. ‘స్పష్టమైన అక్షరాలు’ అనే బదులు, అక్షరానికీ నేపథ్యానికీ వెలుగు నిష్పత్తి 4.5కు 1 తగ్గరాదని అంతర్జాతీయ ప్రమాణం చెబుతున్నది. ఆ అంకెనే వ్రాయాలి.

రెండు భాషల విషయం మన కళాశాలకు ముఖ్యమయినది గనుక దాని దగ్గర కొంచెం ఆగుదాము.

తెలుగు అక్షరం నిలువుగా చోటు కోరుతుంది. ‘స్త్రీ’ అన్న మాటలో పైన గుడి దీర్ఘం, క్రింద రెండు వత్తులు ఉన్నవి. ‘రాష్ట్రం’ కూడా అటువంటిదే. ఆంగ్లానికి సరిపోయే వరుసల ఎడంలో ఈ మాటలను కూరితే పై వరుస వత్తు క్రింది వరుస గుడికి తగులుతుంది. ఉర్దూ నస్తాలీక్ లిపి సంగతి ఇంకా సున్నితమయినది. మాట కుడి నుండి ఎడమకు సాగుతూ ఏటవాలుగా క్రిందికి దిగుతుంది. పూర్వం ఉర్దూ పత్రికలను కాతిబులు చేతితో వ్రాసేవారు. ఆ ఏటవాలును అచ్చు అక్షరాలలోకి తేవడం అంత కష్టమైన పని. కాబట్టి ప్రాంప్ట్‌లో “తెలుగుకు, ఉర్దూకు వరుసల ఎడం ఆంగ్లంకంటే ఎక్కువగా ఉంచుము, ఉర్దూను నస్తాలీక్‌లో చూపుము” అని విడిగా చెప్పాలి. చెప్పకపోతే అరబ్బీ వార్తలలో కనిపించే నస్ఖ్ లిపి రావచ్చు. చదవడానికి వీలున్నా, మన పెద్దల కంటికి అది కొత్తగా తోస్తుంది.

దిక్కు మారితే తెర అంతా మారుతుంది. ఉర్దూ తెరపై వెనుకకు పోయే బాణం కుడివైపు చూడాలి, గడి పేరు కుడి అంచున మొదలు కావాలి. కాని ఫోను నంబరులోని అంకెలు ఎడమనుండి కుడికే సాగుతాయి. ఈ మినహాయింపు చెప్పకపోతే యంత్రం అద్దంలో బొమ్మ చూపినట్లు అన్నింటినీ త్రిప్పివేసే ప్రమాదం ఉన్నది. మరొక మాట. భాషను ఎంచుకొనే చోట దేశాల జెండాలు పెట్టే అలవాటు కొన్ని యాప్‌లలో కనిపిస్తుంది. ఉర్దూ మన రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాష. 2017లో చేసిన చట్ట సవరణతో తెలంగాణ అంతటా రెండవ అధికార భాష అయినది. దాని ప్రక్కన పొరుగుదేశపు జెండా వచ్చిందంటే అది చిన్న పొరపాటు కాదు. జెండాలు వద్దని, ఏ భాష పేరును ఆ భాష లిపిలోనే వ్రాయుమని స్పష్టంగా చెప్పాలి.

మాటల ఎంపికను యంత్రానికి పూర్తిగా అప్పగించరాదు. ఒక తెరపై దరఖాస్తు చేయమనే మీటపై ‘పూయండి’ అని ఉండగా చూశాను. ఆంగ్లంలో ఆ రెండింటికీ ఒకటే మాట. మొదటి పుటకు తీసుకుపోయే మీటకు ‘ఇల్లు’ అని పేరు. హైదరాబాదులో 1917లో దారుల్ తర్జుమా ఏర్పడి శాస్త్ర విషయాలకు ఉర్దూ మాటలు కూర్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి మన పాఠ్యగ్రంథాలకు అదే పని చేసింది. ఒక్కొక్క పదం కొరకు పండితులు చర్చలు జరిపిన నేలపై ‘పూయండి’ని అంగీకరించడం తగదు. అందువలన నేను వాక్యాలను యంత్రానికి ఆంగ్లంలో చెప్పినా, తెరపై కనిపించవలసిన మాటలను తెలుగులో, ఉర్దూలో ముందే వ్రాసి, “వీటిని మార్చవద్దు” అని జతపరుస్తాను. తెలుగులోనే ప్రాంప్ట్ వ్రాసినా ఈ పనిముట్లు చాలావరకు గ్రహిస్తాయి. భావం నిర్దుష్టంగా ఉండడమే ముఖ్యం. నమూనా కొరకు అయినా నిజమైన విద్యార్థుల పేర్లు, ఖాతా సంఖ్యలు ప్రాంప్ట్‌లో పెట్టరాదు. కల్పిత వివరాలు చాలు. అవి మాత్రం మన ఊరి పేర్ల పొడవులో ఉండాలి. పొట్టి పేర్లతో చక్కగా కనిపించిన తెర, నాలుగు మాటల పేరు రాగానే చెదిరిపోతుంది.

ఒకే ప్రాంప్ట్‌తో పని ముగియదు. మొదటి తెర రాగానే పది మార్పులు ఒకేసారి అడిగితే, బాగున్న భాగం కూడా పోతుంది. ఒక్కొక్క మార్పు అడిగి, మిగిలినది కదిలించవద్దని చెప్పి, ఫలితం చూసుకొంటూ సాగాలి. ఖాతా సంఖ్యలో అంకె తగ్గితే ఏమి కనిపించాలి, నెట్‌వర్క్ పోతే ఏమి చెప్పాలి, పంపిన తరువాత రసీదు ఎట్లా ఉండాలి అన్నవి వేరువేరుగా అడగవలసిన తెరలు. ‘చెల్లని విలువ’ అని ఎర్రని అక్షరాలలో కసిరితే బాలిక బెదరి ఫోను ప్రక్కన పెడుతుంది. “మీ బ్యాంకు పుస్తకం మొదటి పేజీలో ఉన్న సంఖ్యను మరొకసారి చూడండి” అంటే ఆమె పుస్తకం తెరుస్తుంది. ఈ వాక్యాన్ని ఏ యంత్రమూ తనంతట తాను నాకు ఇవ్వలేదు.

రెండవ ఫారం సిద్ధమయిన తరువాత, పేరు తప్పుపడిన ఆ విద్యార్థినినే పిలిచి, ఇంటికి తీసుకుపోయి తల్లితో చదివించమన్నాను. మరునాడు తల్లి స్వయంగా కళాశాలకు వచ్చినది. ఫోను నా బల్లపై ఉంచి, ఉర్దూ తెరపై ఒక్కొక్క ప్రశ్నను వ్రేలితో చూపుతూ చదివినది. వత్తులు, బాణాలు, అంకెలు అన్నీ సరిగానే ఉన్నవి. తండ్రి పేరు అడిగిన తెర దగ్గర ఆగి, తరువాతి తెరకు పోయి, మళ్ళీ వెనుకకు వచ్చి అడిగినది: “సాబ్, అమ్మీ కా నామ్ కిధర్ లిఖ్నా?”

ఆ గడి నా ప్రాంప్ట్‌లో లేదు. ఐదు వివరాలను ఆరుగా మార్చి, ఆ సాయంత్రమే మళ్ళీ వ్రాశాను.