చిట్టెలుక చెప్పిన సాక్ష్యము

భానూరు చుట్టుప్రక్కల, ముఖ్యముగా పటాన్‌చెరు ప్రాంతమున, ఔషధ కర్మాగారములు పెక్కులు గలవు. ఒకే మందు అందఱి దేహములందును ఒక్క తీరున పనిచేయునని మనలో ననేకులు తలంతురు. అది సరికాదు.

శస్త్రచికిత్సయందు కండరములు సడలుటకై వైద్యులు సక్సినైల్‌కోలిన్ అను మందు నిత్తురు. దానివలన ఊపిరి తీయు కండరములు సైతము కొన్ని నిమిషములు పనిచేయవు. అంతవఱకు రోగికి కృత్రిమముగా శ్వాస నందింతురు. కాలేయమున పుట్టి రక్తమున సంచరించు బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అను ఎంజైము ఆ మందును విఱిచివేయగా రోగి తేఱుకొనును. ఆ ఎంజైము లేనివానికి గంటల తరబడి ఊపిరి తిరిగి రాకపోవచ్చును.

ఈ లోపము తెలుగువారికి దూరపు సంగతి కాదు. వైశ్యులలో నిది ఇతరులకంటె మిక్కిలి హెచ్చు. 2006లో కోయంబత్తూరు వైశ్యులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు దీని మూలమును వెలువరించిరి. ఎంజైమునందు 307వ స్థానమున ల్యూసీన్ ఉండవలసినచోట ప్రోలీన్ చేరినది, అంతే! తల్లినుండియు తండ్రినుండియు నీ మార్పు సంక్రమించినపుడే లోపము పూర్తిగా బయటపడును. ఈ సమాజమువారు రెండు వేల యేండ్లకు పైగా తమలో తామే వియ్యమందిరని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వారును అమెరికా శాస్త్రజ్ఞులును కలిసి చేసిన పరిశోధనలవలన తెలియుచున్నది. ఇందు నిందింపదగినది లేదు; ఇట్టి గుప్తమైన మార్పులు ప్రతి కులమునందును వేర్వేరుగా నుండును.

మార్పు కనబడినంతనే అదియే దోషియని తేల్చరాదు. మార్పు చెందిన జన్యువును ప్రయోగశాలలో పెంచిన జీవకణములలో చొప్పించి, ఎంజైము ఏ మాత్రము తయారగునో చూతురు. కాని కణము ఊపిరి పీల్చదు, వణకదు. మనుష్యునకు మందిచ్చి ప్రమాదమును పరీక్షించుట అన్యాయము. కావున అమెరికాలోని నెబ్రాస్కాలో ఆ జన్యువు పనిచేయని చిట్టెలుకలను కల్పించిరి. అవి చూపునకు ఆరోగ్యముగానే యుండి పిల్లలను పెట్టినవి. అయితే వృద్ధుల మతిమఱపు వ్యాధికిచ్చు డోనెపెజిల్ వానికి హానికరమయ్యెనని 2007లో ప్రకటించిరి. ఎంజైము లేని మనుష్యులును ఆ మందును తాళజాలరేమో యను శంక అట్లు పుట్టినది. మత్తు సూదిని గూర్చి వెదకబోయినవారికి ముసలితాత మందును గూర్చిన హెచ్చరిక దొరకినది!

ఐనను చిట్టెలుక చిన్న మనుష్యుడు కాదు. దాని రక్తద్రవమున కార్బాక్సిలెస్టరేజ్ అను వేఱొక ఎంజైము గలదు. మన రక్తద్రవమున నది లేదు. అందుచేత ఎలుక తట్టుకొన్న మందు మనకు క్షేమమని చెప్పుటకు వీలులేదు.

ఈ ఎంజైము పరిమాణము రక్తపరీక్షవలన తెలియును. బంధువులలో నెవరికేని శస్త్రచికిత్స పిమ్మట ఊపిరి ఆలస్యముగా వచ్చియుండినచో, ఆ సంగతి మత్తువైద్యునకు ముందుగా చెప్పవలెను. ఆయన వేఱు మందు నెన్నుకొనును.