పాలపుంత పలికిన పలుకు

1932లో అమెరికా దేశమందలి న్యూజెర్సీ రాష్ట్రమున కార్ల్ జాన్‌స్కీ అను యువ ఇంజనీరు, రేడియో సంభాషణలకు ఆటంకము కలిగించు ధ్వనులను పరిశోధించుచుండెను. ఉరుముల గరగరలు గాక, సన్నని బుసవంటి ధ్వని యొకటి అతనికి వినవచ్చెను. అది దినదినమును నాలుగు నిమిషములు ముందుగా వచ్చుచుండెను. నక్షత్రములును అట్లే నాలుగు నిమిషములు ముందుగా ఉదయించును గదా! కావున ఆ ధ్వని భూమిపై పుట్టినది కాదనియు, పాలపుంత నడుమనున్న ధనూరాశి దిక్కునుండి వచ్చుచున్నదనియు అతడు గ్రహించి, 1933లో ప్రకటించెను.

ఈ వార్త గ్రోట్ రెబర్ అను మరియొక ఇంజనీరును ఆకర్షించెను. అతడు 1937లో వీటన్ పట్టణమున తన పెరటిలో, సొంత ధనముతో, 31 అడుగుల వెడల్పుగల లోహపు పళ్లెమును నిర్మించెను. పగలు ఉద్యోగము, రాత్రి పరిశోధన. మోటారు బండ్ల నిప్పురవ్వలు రేడియో తరంగములను చెడగొట్టును గనుక రాత్రియే అనుకూలముగా నుండెను.

తరంగము సెకనుకు చేయు కంపనముల సంఖ్యకు పౌనఃపున్యమని పేరు. వేడి వస్తువులు వెలువరించు రేడియో తరంగముల తీవ్రత పౌనఃపున్యముతోపాటు హెచ్చును. పాలపుంత ధ్వనికి వేడిమియే కారణమని తలచి, రెబర్ మొదట 330 కోట్ల కంపనముల యొద్ద వెదకెను. ఏమియు దొరకలేదు. పిదప సుమారు 90 కోట్ల యొద్ద వెదకెను. అప్పుడును నిశ్శబ్దమే. అతడు నిరుత్సాహపడక, మూడవ గ్రాహకమును నిర్మించి 16 కోట్ల కంపనముల యొద్ద ఆలకించెను. ఈసారి పాలపుంత పలికెను! ఆ ఫలితములు 1940లో వెలువడెను.

పౌనఃపున్యము తగ్గినకొలది తీవ్రత హెచ్చుచున్నదనగా, దానికి వేడిమి కారణము కాదన్నమాట. అయస్కాంత క్షేత్రములలో, ఇంచుమించు కాంతివేగముతో, మెలికలు తిరుగు ఎలక్ట్రానులే కారణమని తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చిరి. రెబర్ పొందిన రెండు వైఫల్యములును ఈ సత్యమునకు సాక్ష్యములైనవి.

తీవ్రతను కొలుచుటకు, తెలిసిన వేడిమిగల నిరోధకము పుట్టించు రొదతో ఆకాశధ్వనిని పోల్చి చూతురు. అల్ప పౌనఃపున్యములయొద్ద ఈ పని కష్టతరము. భూమి నావరించిన అయనావరణము ఆ తరంగములను వంచును; మరీ అల్పమైనవానిని తిరుగగొట్టును. అయినను మన హిందూపురమునకు సమీపమున, కర్ణాటకమందలి గౌరీబిదనూరులో, 3 కోట్ల 45 లక్షల కంపనముల యొద్ద శాస్త్రజ్ఞులు ఆకాశమును కొలిచి, 1990లో దాని పటమును ప్రకటించిరి.

రేడియో తీవ్రతను కొలుచు ప్రమాణమునకు నేడు 'జాన్‌స్కీ' యని పేరు. ఆటంకమని ఇతరులు విసుగుకొను ధ్వనిని అతడు ఓపికతో ఆలకించినందుకు శాస్త్రలోక మర్పించిన కానుక యిది.