ట్యాబ్ మీటకు మన మండలాలు నేర్పండి

‘లినక్స్ వచ్చు’ అని రెజ్యూమెలో అందరూ రాస్తారు. నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీలో చదివినవారూ రాస్తారు, బాసర ట్రిపుల్ ఐటీవారూ రాస్తారు, ధర్మపురి నుంచి రోజూ జగిత్యాలకు బస్సులో వెళ్లి డిగ్రీ చేసినవారూ రాస్తారు. సిస్టమ్ అడ్మిన్, క్లౌడ్ సపోర్ట్ కొలువులకు వెళ్లేవారు ఆ మాటకు రుజువుగా చిన్న పనైనా చూపగలగాలి. నన్నడిగితే షెల్‌లో ట్యాబ్ కంప్లీషన్‌తో మొదలుపెట్టమంటాను.

సగం ఫైలు పేరు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది దానంతటదే పడుతుందని మీకు తెలుసు. ఆ మీటకు మన సొంత మాటలు కూడా నేర్పవచ్చు. బాష్ అనే షెల్‌లో ఈ వీలు 2000లో వచ్చిన 2.04 వెర్షన్ నుంచి ఉంది.

మండలాల వర్షపాతం చూపే చిన్న స్క్రిప్ట్ రాసి, దానికి ‘వాన’ అని పేరు పెట్టారనుకుందాం. టెర్మినల్‌లో ‘కంప్లీట్’ అని కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్, పెద్ద డబ్ల్యూ కొట్టండి. తర్వాత కోట్స్ మధ్య ధర్మపురి, బుగ్గారం, మల్యాల, మల్లాపూర్ పేర్లను చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, కామాలు లేకుండా రాసి, చివర ‘వాన’ చేర్చండి. ఇక ‘వాన’ తర్వాత ఖాళీ వదిలి, ‘డి’ కొట్టి ట్యాబ్ నొక్కితే ధర్మపురి వచ్చేస్తుంది. మల్యాలను రెండు ‘ఎల్’లతో mallial అని రాసి ఉంటే, ‘ఎం’ కొట్టి నొక్కగానే మల్యాల, మల్లాపూర్‌లకు ఉమ్మడిగా ఉన్న నాలుగు అక్షరాలు పడి ఆగుతుంది. ‘ఐ’ చేర్చి నొక్కితే మల్యాల, ‘ఏ’ చేర్చి నొక్కితే మల్లాపూర్. ఈ వరుసను హోం ఫోల్డర్‌లోని బాష్‌ఆర్‌సీ ఫైల్లో పెట్టుకోవాలి, లేదంటే టెర్మినల్ మూయగానే పోతుంది.

ఇక్కడితో ఆగకండి, అసలు నేర్చుకోవాల్సింది దీని తర్వాతే ఉంది. మొదటి మాటగా జిల్లా, రెండో మాటగా మండలం తీసుకునేలా ‘వాన’ను మార్చండి. జగిత్యాల అని కొడితే ధర్మపురి, నిర్మల్ అని కొడితే బాసర రావాలి. దీనికి ఫంక్షన్ రాయాలి. కొట్టిన మాటలు ‘కాంప్ వర్డ్స్’ అనే అర్రేలో ఉంటాయి, ఇప్పుడు ఎన్నో మాట దగ్గర ఉన్నామో ‘కాంప్ సీవర్డ్’ చెబుతుంది. ‘కాంప్‌జెన్’తో వడగట్టిన పేర్లను ‘కాంప్‌రిప్లై’లో పెడితే షెల్ వాటినే చూపిస్తుంది. అర్రేలు, వేరియబుల్స్, షరతులు మూడూ ఈ ఒక్క పనిలో చేతికొస్తాయి.

గిట్, కుబెక్టీఎల్ లాంటి వాటికి కంప్లీషన్ రెడీమేడ్‌గా దొరుకుతుంది. ఆఫీసులో సొంతంగా రాసుకున్న స్క్రిప్టులకు మాత్రం ఎవరో ఒకరు రాయాలి. పొడుగాటి సర్వర్ పేరులో ఒక్క అంకె తప్పితే పని వేరే మిషన్ మీద జరిగిపోతుంది. కొత్తగా చేరినవారు ఆ పేర్లను ట్యాబ్‌కు నేర్పిపెడితే టీమ్ మొత్తానికి రోజూ పనికొస్తుంది.

ల్యాప్‌టాప్ లేదని ఆగనక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లో టర్మక్స్ యాప్ వేసుకుంటే బాష్ వస్తుంది, తెర మీద ట్యాబ్ మీట కూడా ఉంటుంది. మ్యాక్ వాడేవారికి మాత్రం 2019 నుంచి డిఫాల్ట్ షెల్ జడ్‌షెల్, అందులో పద్ధతి వేరు.

రాసినదాన్ని గిట్‌హబ్‌లో పెట్టి, లింకు రెజ్యూమెలో ఇవ్వండి. ఇంటర్వ్యూకు వెళ్లేముందు ప్రతి వరుస ఎందుకుందో పైకి చెప్పి చూసుకోండి. పేరు మధ్యలో ఖాళీ ఉంటే ఏమవుతుందని అడగవచ్చు. షెల్ దాన్ని రెండు మాటలుగా విడగొడుతుంది. అలాంటి పేరు ఒకటి జాబితాలో చేర్చి, సరిచేసి, ఆ తర్వాతే వెళ్లండి.