పాలమూరు అడవిలో పరదేశి

పాఠ్యభాగ ఉద్దేశం

భాష, ఆహారం, ఆచారం తెలియని చోట నివసించే పరదేశి నిత్యజీవితాన్ని పరిచయం చేయడం, త్వరితగతిన మారుతున్న సమాజాన్ని శ్రద్ధగా పరిశీలించి నమోదు చేయవలసిన అవసరాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కన్నతల్లి, ఉన్న ఊరు ఒకటేనని మన పెద్దల మాట. అయినా బతుకుతెరువు కోసం, విద్య కోసం, ఒక్కొక్కసారి విధివశాన మనిషి ఉన్న ఊరిని విడవక తప్పదు. ఈ సత్యాన్ని దక్షిణ తెలంగాణ విద్యార్థులకు ప్రత్యేకంగా బోధించనక్కరలేదు. వానలు కురవని ఏడు మూటాముల్లె సర్దుకొని, మేస్త్రీ వెంట దూరప్రాంతాలకు తరలి, దేశం నలుమూలలా ఆనకట్టలు, కాలువలు నిర్మించిన శ్రమజీవులకు 'పాలమూరు లేబరు' అన్న పేరే స్థిరపడింది. ఇక్కడినుండి వెళ్లినవారి కథలు మనకు కొంత తెలుసు. ఎక్కడినుండో ఇక్కడికి వచ్చి, మనవారి మధ్య బతికిన పరదేశి కథ తెలుసుకోవడం కూడ అవసరమే.

ఊరిని చూడటం వేరు, ఊరిలో బతకటం వేరు. 1830-31 సంవత్సరాలలో మద్రాసు నుండి కాశికి వెళ్లి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తాను దాటిన ఊళ్లను, దారులను, మజిలీలను ఓపికగా రాసిపెట్టాడు. అది యాత్రికుని చూపు. మజిలీ మారగానే అతనికి ఊరు మారుతుంది. నివసించేవాడికి ఆ వీలు లేదు. ఉప్పు ఎక్కడ దొరుకుతుందో, పొరుగువాణ్ణి ఏ వరుసతో పిలవాలో, ఏ మాటకు ఎదుటివారు నొచ్చుకొంటారో అతడు దినదినం నేర్చుకోవాలి. శ్రీనాథ మహాకవికి సైతం ఈ ఇబ్బంది తప్పలేదు. కన్నడ రాజాస్థానానికి వెళ్లినప్పుడు తలకు కుళ్లాయి పెట్టుకొని, అలవాటు లేని ఉడుపు తొడిగి, రుచించని భోజనం చేయవలసి వచ్చిందని వాపోయినట్లు ఆయన పేర ఒక చాటుపద్యం ప్రచారంలో ఉంది.

నివసించే ఊరు కళ్లముందే మారిపోతుంటే పరదేశి కష్టం రెట్టింపవుతుంది. చైనాలోని షెన్‌జెన్ నగరం ఇందుకు ఉదాహరణ. 1980 లో ప్రత్యేక ఆర్థిక మండలంగా ప్రకటించే నాటికి అది హాంకాంగు సరిహద్దున ఉన్న చిన్న పట్టణం, చుట్టూ పల్లెలు. 2020 జనగణన నాటికి అక్కడి జనాభా కోటీ డెబ్బై లక్షలు దాటింది. అటువంటి నగరాలలో ఉపాధ్యాయులుగా, వర్తకులుగా, ఇంజినీర్లుగా నివసించే ఐరోపా, అమెరికా వాసులు మనుషుల భాషతోపాటు మార్పులను కూడ నిత్యం నేర్చుకొంటూ ఉండాలి. నిన్న గుర్తుగా పెట్టుకొన్న అంగడి నేడు ఉండకపోవచ్చు. కూరగాయల బండి దగ్గర కూడ సెల్‌ఫోనుతోనే డబ్బు చెల్లిస్తారు. వైద్యవిద్య కోసం చైనాకు వెళ్లిన తెలుగు విద్యార్థులకూ ఇటువంటి అనుభవాలున్నాయి. 2020 లో కరోనా మహమ్మారి కారణంగా స్వదేశానికి వచ్చినవారిలో ఎందరో 2022 వరకు తిరిగి వెళ్లలేక, ఇంటినుండే పాఠాలు విన్నారు. అంతదూరం ఎందుకు? 1998 లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మన హైదరాబాదులోని మాదాపూర్ పరిసరాలు గుర్తుపట్టలేనంతగా మారాయి.

నగరం మారితే మేడలు లేస్తాయి గనుక ఆ మార్పు అందరికీ కనిపిస్తుంది. అడవిలో వచ్చే మార్పు అట్లా కనిపించదు. దాన్ని గుర్తించాలంటే ఒకప్పుడు అక్కడ ఉండి, చాలా ఏళ్లకు మళ్లీ వచ్చి చూసిన మనిషి కావాలి. పాలమూరు జిల్లాలోని నల్లమలకు అటువంటి పరదేశి ఒకరు లభించారు. ఆయనే క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

హైమన్‌డార్ఫ్ 1909 లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి, లండనులో మలినోవ్‌స్కీ అనే ప్రసిద్ధ పండితుని వద్ద మరింత అభ్యసించాడు. 1936-37 లో ఈశాన్య భారతంలోని నాగా కొండలలో కొన్యాక్ తెగవారి మధ్య నివసించాడు. 1938 లో ఎలిజబెత్ బార్నార్డోను వివాహమాడాడు. ఆమెను ఆత్మీయులు బెట్టీ అని పిలిచేవారు. ఆ సంవత్సరమే హిట్లరు ఆస్ట్రియాను జర్మనీలో కలుపుకొన్నాడు. పరిశోధన కోసం 1939 లో ఆ దంపతులు భారతదేశానికి వచ్చారు. ఆ ఏడాదే రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. ఆయన పాస్‌పోర్టు జర్మనీది. ఈ దేశాన్ని పాలిస్తున్నవారు జర్మనీతో పోరాడుతున్న ఆంగ్లేయులు. అందువల్ల ఏ నేరమూ చేయకుండానే ఆయన శత్రుదేశీయుడయ్యాడు. చివరకు నిజాం రాజ్యపు హద్దులలో ఉండటానికి ఆయనకు అనుమతి లభించింది. ఆ నిర్బంధమే ఆయనను మన ప్రాంతానికి చేర్చింది.

అచ్చంపేట దాటి శ్రీశైలం వైపు సాగే దారిలో మన్ననూరు వస్తుంది. అక్కడినుండి కృష్ణా లోయ వరకు వ్యాపించిన అమ్రాబాదు పీఠభూమి చెంచుల నివాసస్థలం. నాడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలో ఉంది. హైమన్‌డార్ఫ్ దంపతులు 1940 లో కొన్ని మాసాలు ఇక్కడ చెంచుల మధ్య గడిపారు.

చెంచులు మాట్లాడేది తెలుగే. వియన్నాలో, లండనులో సంపాదించిన పాండిత్యం ఎంత ఉన్నా, ఈ అడవిలో ఆ పండితునికి ముందుగా కావలసింది తెలుగు. దుబాసీ ద్వారా అడిగితే ప్రశ్నకు జవాబు వస్తుంది. కాని రాత్రివేళ నెగడు చుట్టూ కూర్చున్నవారు తమలో తాము చెప్పుకొనే కబుర్లు, ఎత్తిపొడుపులు, పరాచికాలు దుబాసీ ద్వారా రావు. మనుషుల బతుకు ఎక్కువగా తెలిసేది ఆ మాటలలోనే. తెలుగువారికైనా అక్కడ కొన్ని పదాలు కొత్తగానే ఉంటాయి. చెంచుల చిన్న ఊరిని 'పెంట' అంటారు. మైదానంలో చెత్తకుప్పను తలపించే ఈ పదం అడవిలో మనుషుల నివాసానికి పేరు.

అక్కడి దినచర్య ఐరోపావాసి ఎరిగినది కాదు. ఒక్కొక్క పెంటలో కొద్ది కుటుంబాలు, వెదురు తడికల గోడలతో గడ్డి కప్పిన గుండ్రని గుడిసెలు. ఇనుప మొన గల తవ్వుకోలతో దుంపలు తవ్వటం, పండ్లు ఏరటం, ఇప్పపూలు సేకరించటం, విల్లంబులతో వేటాడటం చెంచుల జీవనవిధానం. దొరికినది ఆనాడు తినటమే గాని రేపటికి కూడబెట్టే అలవాటు తక్కువ. ఒకచోట ఆహారం తరిగితే మరొకచోటికి మకాం మారుస్తారు. భర్త వైపు చుట్టాలతో ఉండాలా, భార్య వైపు చుట్టాలతో ఉండాలా అన్నది ఆ దంపతుల ఇష్టం. స్త్రీ తన ఆహారాన్ని తాను సంపాదించుకోగలదు గనుక ఆమె మాటకు విలువ ఉంటుంది. వేటకు గరేల మైసమ్మ అనుగ్రహం కావాలని వారి విశ్వాసం. అందుకే దొరికిన వేటలో ఆ తల్లి భాగాన్ని ముందుగా సమర్పిస్తారు.

కొండచరియకు పట్టిన తేనెపట్టును తీయటంలో చెంచుల ఆచారం ఒకటి ప్రసిద్ధం. తాడు పట్టుకొని లోయలోకి దిగేవాడు, పైన ఆ తాడుకు కాపలాగా తన బావమరిదిని నిలుపుకొంటాడు. అక్కచెల్లెళ్ల పసుపుకుంకుమలు పదిలంగా ఉండాలని కోరేవాడు తాడును ఏమరడు గదా! చుట్టరికం ఎందుకు, దాని ప్రయోజనం ఏమిటి అన్న ప్రశ్నకు మానవశాస్త్రవేత్తకు ఇంతకంటె స్పష్టమైన సమాధానం దొరకదు.

హైమన్‌డార్ఫ్ తన పరిశీలనలను 1943 లో చెంచులపై గ్రంథంగా ప్రకటించాడు. ఆయన ఫొటోలు, చలనచిత్రాలు తీశాడు. బెట్టీ దినచర్యలు రాసింది. ఆయన వింతలు చూసి రాసి ఊరుకోలేదు. అటవీశాఖ నిబంధనలు, గుత్తేదారుల రాకపోకలు చెంచుల స్వేచ్ఛను ఎట్లా కుదిస్తున్నాయో గమనించి, వారికోసం ప్రత్యేక రక్షిత ప్రాంతాన్ని కేటాయించాలని సూచించాడు. నిజాం ప్రభుత్వం ఆ సూచనను ఆమోదించింది. 1940 లో ఆదిలాబాదు జిల్లాలో కొమురం భీము నాయకత్వాన జరిగిన తిరుగుబాటు తరువాత ఆయన అక్కడి మార్లవాయిలో నివసించి, గోండు బాలలకు వారి భాషలోనే చదువు చెప్పే ప్రయత్నానికి తోడ్పడ్డాడు. 1949 తరువాత లండనులో ఆచార్యునిగా పనిచేసి, 1976 లో పదవీవిరమణ పొందాడు.

విశ్రాంతి తీసుకోవలసిన ఆ వయసులో ఆయన మళ్లీ ఇక్కడికి వచ్చాడు. తాను యువకుడుగా ఉన్నప్పుడు చూసిన తెగలు ఇప్పుడు ఎట్లా ఉన్నాయో తెలుసుకొని, 1982 లో మరొక గ్రంథం ప్రకటించాడు. మనుగడ కోసం ఆ తెగలు చేస్తున్న పోరాటమే దాని విషయం. ఈ కాలంలో నల్లమల చుట్టూ వచ్చిన మార్పులు చిన్నవి కావు. అడవిని చీల్చుకొని శ్రీశైలానికి రహదారి వచ్చింది. 1978 లో ఈ అడవిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 1981 లో శ్రీశైలం జలాశయం కింద మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల గ్రామాలు వందకు పైగా మునిగాయి. 1983 లో అడవి పులుల సంరక్షణ పథకంలో చేరింది. విద్యుత్తు, సాగునీరు, వన్యప్రాణి రక్షణ దేశానికి అవసరమైనవే. కాని ఆ నిర్ణయాలు జరిగిన చోట చెంచు లేడు. అడవి మారలేదనిపించే చోట కూడ అడవి మీద హక్కు మారింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ హక్కును కొంతవరకైనా తిరిగి గుర్తించే ప్రయత్నం. 2019 లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానించింది. చెంచుల విషయం నేటికీ ముగిసిన అధ్యాయం కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఇంతచేసిన హైమన్‌డార్ఫ్‌ను గుడ్డిగా కీర్తించటం కూడ శాస్త్రదృష్టి కాదు. ఆయన ప్రభుత్వం అండతో వచ్చినవాడు. కలం ఆయన చేతిలో ఉంది. చెంచులు తమ మాటను తాము రాసుకొనే స్థితిలో లేరు. ఆయన రాసినది ఇంగ్లీషులో గనుక, తమ గురించి ఏమి రాశాడో చదివే అవకాశం వారికి లేదు. ఆయన చూడనివి, చూసినా పొరబడినవి ఉండవచ్చు. అయినప్పటికీ 1940 నాటి చెంచుల బతుకును తెలుసుకోవాలంటే నేడు ఆ గ్రంథాన్నే ఆశ్రయించవలసి వస్తున్నది. వియన్నా నుండి వచ్చిన మనిషి చేసిన పనిని మన్ననూరుకు సమీపాన చదువుకొన్న మనవారెవరూ ఆనాడు ఎందుకు చేయలేదన్నది మనల్ని మనం వేసుకోవలసిన ప్రశ్న.

బెట్టీ 1987 లో హైదరాబాదులో మరణించింది. ఆమెను మార్లవాయిలో సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995 లో లండనులో కన్నుమూశాడు. 2012 లో ఆయన అస్థికలను కూడ మార్లవాయిలోనే భార్య సమాధి పక్కన ఉంచారు. ఏటా జనవరిలో గోండులు అక్కడ వారిని స్మరించుకొంటారు. నిర్బంధం వల్ల ఇక్కడ ఉండిపోయిన మనిషి చివరకు ఇక్కడి మట్టిలో కలిసిపోయాడు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు హైదరాబాదుకో, అమెరికాకో, చైనాకో వెళతారు. అక్కడ మీరు పరదేశులు. ఆ చోటి భాషను ఆదరంతో నేర్చుకోండి. అక్కడి తిండిని, ఆచారాన్ని హేళన చేయకండి. అంతకంటె ముఖ్యంగా, వెళ్లే ముందు మీ ఊరిని ఒకసారి పరదేశి చూసినంత శ్రద్ధతో చూడండి. మీ ఇంటి పెద్దవారి పక్కన కూర్చొని, వారు ఎరిగిన పంటలు, బావులు, పనులు, పాటలు రాసి పెట్టుకోండి. తిరిగి వచ్చేనాటికి వాటిలో ఎన్ని మిగులుతాయో చెప్పలేము.

కఠినపదాలు – అర్థాలు

పరదేశి = ఇతర దేశంవాడు
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
కుళ్లాయి = టోపీ
ఉడుపు = వస్త్రం, దుస్తులు
దుబాసీ = ఒక భాషలోని మాటను మరొక భాషలో చెప్పేవాడు
నెగడు = చలి కాచుకోవడానికి, రక్షణకు వేసే పెద్ద మంట
తవ్వుకోల = దుంపలు తవ్వే కర్ర
ఏమరు = అజాగ్రత్తగా ఉండు
గుత్తేదారు = కాంట్రాక్టరు
పీఠభూమి = ఎత్తుగా, సమతలంగా ఉండే ప్రదేశం

ప్రశ్నలు

అ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఊరిని చూడటం వేరు, ఊరిలో బతకటం వేరు.
2. ఆ నిర్బంధమే ఆయనను మన ప్రాంతానికి చేర్చింది.
3. అడవి మారలేదనిపించే చోట కూడ అడవి మీద హక్కు మారింది.

ఆ. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. హైమన్‌డార్ఫ్ నిజాం రాజ్యంలో ఉండవలసి వచ్చిన పరిస్థితులను తెలపండి.
2. తేనె సేకరణలో చెంచులు పాటించే ఆచారాన్ని వివరించండి.
3. 'పెంట' అనే పదానికి మైదానంలోను, అడవిలోను ఉన్న అర్థభేదం ఏమిటి?

ఇ. వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. చెంచుల నిత్యజీవితాన్ని, వారి ప్రాంతంలో వచ్చిన మార్పులను పాఠం ఆధారంగా విశదీకరించండి.
2. హైమన్‌డార్ఫ్ కృషిలోని గుణాలను, పరిమితులను చర్చించండి.

ఈ. మీ ఊరిలో డెబ్బై ఏళ్లు దాటిన ఒకరిని కలిసి, వారి బాల్యంలోని ఒక దినచర్యను వారి మాటలలోనే రెండు పుటలకు మించకుండా రాయండి. రాసినదాన్ని వారికి చదివి వినిపించి, వారు చెప్పిన సవరణలు చేర్చండి.